బీర్‌గావ్ పసుపుదీప సంహారము

అది వైశాఖమాసము, శుక్రవారము, ఉదయము పదిగంటల పదినిమిషములు. నలుబదిరెండు డిగ్రీల సింహాసనమును సూర్యుడు అప్పటికే అధిష్ఠించియుండెను. ఉర్లా కర్మాగార ధూమమాలికాలంకృతమై, రాయపూరు మహానగరమునకు ఉత్తరద్వారమై వెలయు బీర్‌గావ్ పురమున, పదకొండు రిపేరు షాపుల వీధిలో మొదటిది, మిగిలిన పదింటియందును మాట చెల్లునది, కోటయ్యగారి షాపు. దాని ముంగిట ఆ పూట జరిగిన ఘోరసంగ్రామమును, టీ గ్లాసులు క్రింద పెట్టి ఆలకింతురు గాక!

శత్రువెవ్వడన, ఒక దీపము. తెల్లని కారు డ్యాష్‌బోర్డుపై వెలుగునది, మినపగింజకంటె పెద్దది కానిది, పసుపుపచ్చనిది. బిలాస్‌పూర్ రోడ్డున లారీ చక్రము విసిరిన రాయి తగిలి ఆ కారు ముందద్దము పగులగా, కోటయ్య క్రొత్తది బిగించెను. అయితే ఆ అద్దమునకు లోపలివైపున, నెత్తిన, దారిగీతలను కనిపెట్టుచు, ఏదేని అడ్డము వచ్చినచో తనంతతానుగా బ్రేకు వేయు కెమెరా యొకటి కొలువుండెను. అద్దము మారినచో దానికి లోకమంతయు వెంట్రుకవాసి ఒరిగి కనబడును. ఎవరేని కొలతలు చూపి మరల చూపు నేర్పువరకు అది అలిగి, పసుపుదీపము వెలిగించుకొని కూర్చుండును. కోటయ్య పానాలకు లొంగనిది ఆ వీధిలో అదియొక్కటే.

అంతట రాయపూరులోని మోవా దిక్కునుండి ధూళి లేచెను. కంపెనీ సర్వీసు సెంటరులో ఆరేండ్లు కొలువుచేసి, మేనేజరుతో మాటామాటా పెరిగి నాలుగు నెలల క్రిందట ఆ కొలువును గడ్డిపరకగా త్యజించి, చిన్న షాపుల గుమ్మములకే బండ్ల కంప్యూటరు వైద్యమును మోసికొనిపోవు వ్రతమును పూనినదియు, ల్యాప్‌టాప్‌ఖడ్గధారిణియు, కెమెరాకు గురియగు నలుపుతెలుపు గళ్ళపలకయే డాలుగా గలదియు, రైల్వే ఫిట్టరు సూర్యారావుగారి పెద్దకూతురునగు బిందుమాధవి, పాత వ్యానుపై అవతరించెను. ఈ నాలుగు నెలలలో బీర్‌గావ్ నుండి ఆమెకు వచ్చిన మొదటి పిలుపు ఇదియే. నేడు గెలిచినచో పదకొండు షాపులును ఆమెవి. ఓడినచో, ఆ మేనేజరు ముందర మరల అదే కుర్చీ.

గడువు కూడ కలదు. కారు పృథ్వీ అను ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగిది. అతని మామ్మ వరహాలమ్మగారు మునిమనుమని బారసాలకై ఆరంగ్ పోవలెను. ముహూర్తము ఒంటిగంటకు. స్వహస్తములతో ఆముదపుదీపమున పట్టిన కాటుకభరిణె ఆమె బొడ్డున భద్రముగా నుండెను.

"పన్నెండు దాకా చూస్తా బేటీ," అనెను కోటయ్య. "అప్పటికీ అవ్వకపోతే ట్రక్కు పిలిచి కంపెనీ సర్వీసుకి ఎక్కించేస్తా. ఈ దీపంతో బండిని హైవే ఎక్కనివ్వను, మామ్మగారికి వేరే కారు మాట్లాడాలి కదా."

బిందుమాధవి దీపమును తేరిపార చూచెను. "ఓరీ పీతదీపాధమా! మినపగింజ ప్రమాణమా! వెలుగుము, వెలుగుము, ఇంకను నాలుగు గడియలే నీ వెలుగు! నిన్నార్పనిచో నేను సూర్యారావు పుత్రికనే కాను!" అని ఆమె అంతరంగము గర్జించెను. పైకి మాత్రము, "చలో, షురూ చేద్దాం బాబాయ్," అనెను.

అద్దమును తన చేతులతో తళతళలాడ తుడిచెను. పిదప వెనుదిరిగి, టేపు పరచి, నేల వాలు చూచి, దారమునకు ఇత్తడిగుండు వ్రేలాడదీసి, సున్నపుగీత గీసి, గళ్ళపలకను అంగుళములో పదియవవంతు తేడా రాకుండ నిలువబెట్టెను. ఆమె వెనుదిరిగిన ఆ కొద్ది నిమిషములలో ఏమి జరిగెనో ఈ కథకునికి తెలియును, కాని వెంటనే చెప్పివేసినచో మీరు లేచి పోవుదురు. గోడవారనుండవలసిన ఇనుపస్టూలు బండిప్రక్కకు వచ్చియుండెనని మాత్రము గ్రహింపుడు.

ప్రథమసమరము. మీట నొక్కెను. కెమెరా పలకను వెదకెను, వెదకెను, వెదకెను. ల్యాప్‌టాప్ తీర్పు చెప్పెను: లక్ష్యము కనబడలేదు.

"ఎండ కొడుతోంది పలక మీద," అని బిందుమాధవి నీలిటార్పాలిను కట్టించెను. నలుగురు మెకానిక్కులు నాలుగు కొసలు పట్టిరి. ఆ సందడిలో ఎక్కడనో స్టూలు కిర్రుమనెను.

ద్వితీయసమరము. లక్ష్యము కనబడలేదు.

"డిక్కీలో ఏముంది?" అని ఆమె అడిగెను. వెనుక బరువున్నచో ముక్కు పైకి లేచి కెమెరా ఆకాశమును చూచును. డిక్కీ తెరువగా, ఊయల వెడలెను, ఊయల వెంట బూందిలడ్డూల డబ్బాలు మూడు, వాని వెంట జంతికల డబ్బా, అరటిగెల, రెండు పరుపులు, ఇత్తడి గంగాళము వెడలెను. బారసాలయంతయు బీర్‌గావ్ వీధిలో బారులు తీరెను.

"మామ్మా, పెళ్ళికి కూడా ఇంత తీసుకెళ్ళరు," అనెను పృథ్వీ చెమటలు కార్చుచు.

"నీ బారసాలకి ఇంతకి రెండింతలు మోసీనాను. నువ్వు మొయ్యరా," అనెను వరహాలమ్మ. స్టూలు మరల కిర్రుమనెను.

తృతీయసమరము. లక్ష్యము కనబడలేదు.

పదకొండు గంటల ముప్పదియారు నిమిషములు. ప్రక్కషాపులవారు పనులు వదలి గుమిగూడిరి. కోటయ్య ఫోను చేతబట్టెను. "హా విధీ! ఈ బాల పరాక్రమమున లోపము లేదు, శత్రువు మాయావి!" అన్నట్టు నిట్టూర్చి, "నీ మీద కోపం లేదు బేటీ. ట్రక్కు రావడానికే అరగంట పడుతుంది. ఔర్ టైమ్ నహీ హై, బస్," అనెను.

బిందుమాధవికి ఏడుపు వచ్చెను. దాచనేల, వచ్చెను. లడ్డూల డబ్బాపై కూలబడి, పనిముట్లన్నిటికంటె నమ్మకమైన ఇత్తడిగుండును ఒడిలో పెట్టుకొని, తప్పెక్కడ జరిగెనో ఎంచుకొనుచుండెను. కొలతలు సరియైనవి. చెయ్యి సరియైనది. మరి?

వరహాలమ్మ వచ్చి ఆమె తల నిమిరెను. "ఏడవకే అమ్మా. నీ తప్పు కాదు, దిష్టి. ఈ బజారు కళ్ళన్నీ దీని మీదే ఉన్నాయి. నేను సుక్క ఎడతానే ఉన్నాను. పని సెడినప్పుడల్లా ఇంకొంచెం పెద్దది ఎడతన్నాను. ఐనా సాల్నేదు."

బిందుమాధవి మెల్లగా తలయెత్తెను. "ఎక్కడ పెట్టావు మామ్మా?"

"అదిగో, అద్దం నెత్తిమీద. కొత్త అద్దం కదేటి, సుక్క ఉండొద్దా? పిల్లలకి సెవి ఎనకాల ఎట్టినట్టు, ఎవులికీ అవుపడకుండా నల్లపట్టీ మధ్యన ఎట్టినాను."

విల్లు విడిచిన బాణము ఎట్లు పోవునో చూడనివారు, ఆ క్షణమున బిందుమాధవి స్టూలెక్కుటను చూచినచో చాలును! అద్దపు నల్లపట్టీ నడుమ, కెమెరా లోకమును చూచుటకై విడిచిన చిన్నకిటికీపై, రూపాయిబిళ్ళంత కాటుక నల్లలో నల్లగా కలిసిపోయి, ఆముదపు వాసనతో మెరయుచుండెను. ఆమె గుడ్డ చేతబట్టెను.

"తుడవకే!" అని వరహాలమ్మ మణికట్టు పట్టెను. "బారసాలకెల్తా సుక్క సెరిపేత్తారేటి? పసిగుడ్డుకి అరిష్టం!"

మూడు సమరములును దీనికి సాటిరావు. పెద్దముత్తైదువ పెట్టిన చుక్కను బలిమిని చెరుపు శాస్త్రము ఏ సర్వీసు సెంటరును ఆమెకు నేర్పలేదు. బిందుమాధవి గుడ్డను భుజముపై వేసికొని, స్టూలు దిగి, మామ్మ చెయ్యి పట్టుకొనెను.

"మామ్మా, బాబుకి చుక్క ఎక్కడ పెడతావు?"

"బుగ్గన. అరికాలికి."

"కనుపాప మీద పెడతావా?"

"ఓలమ్మో! ఎవులైనా ఎడతారా!"

"ఇది దీని కనుపాప మామ్మా. పొద్దుట్నుంచి పాపం కళ్ళు మూసుకుపోయి తడుముకుంటోంది. దారిలో ఆవు అడ్డమొచ్చినా దీనికి కనపడదు."

వరహాలమ్మ చీరకుచ్చెళ్ళు పైకి దోపి, తానే స్టూలెక్కెను. "నా నాయనే, నా బంగారు తండ్రే, కంట్లో ఎట్టీనానా," అని కారును బుజ్జగించుచు కొంగుతో తుడిచెను. జిడ్డు పోవునట్లు బిందుమాధవి మరల తుడిచెను. మామ్మ దిగి, భరిణె విప్పి, కారు నాలుగు చక్రములకును అరికాలిచుక్కలు పెట్టెను. వానికి ఎవ్వరును అభ్యంతరము చెప్పలేదు.

చతుర్థసమరము. కెమెరా వెదకెను. పలకను చూచెను! పది, నలుబది, డెబ్బది శాతము. మెకానిక్కులు హిందీలో లెక్కించిరి, కోటయ్య తెలుగులో లెక్కించెను, పృథ్వీ అరటిగెలను కౌగిలించుకొనెను. తొంబదితొమ్మిది. వంద. పసుపుదీపము ఒక్కసారి కొట్టుకొని, ఆరెను.

"బుఝ్ గయా!" అని వీధి గర్జించెను. ఎవడో గాలిపంపు గొట్టము వదలగా అదియే శంఖారావమయ్యెను.

కోటయ్య ఫోను జేబులో పెట్టెను. "రేపు తొమ్మిదింటికల్లా వచ్చేయ్ బేటీ. నా దగ్గరే రెండు బండ్లున్నాయి. మిగతా పదిమందికీ నేను చెప్తా."

వరహాలమ్మ చిటికెనవ్రేలితో భరిణె అడుగు గీకి బిందుమాధవి బుగ్గన ఇంత చుక్క పెట్టెను. "ఇప్పుడు కళ్ళన్నీ నీ మీదే ఉన్నాయి."

"మామ్మా, బాబుకి ఏమైనా మిగిల్చేవా?" అని పృథ్వీ మొత్తుకొనెను. బారసాల డిక్కీలోనికి మరల ఎక్కెను, కారు ఆరంగ్ దారి పట్టెను.

బిందుమాధవి వ్యానెక్కి అద్దములో చూచుకొనెను. తుడుచుకొనుటకు లేపిన చెయ్యిని మెల్లగా దించి, నవ్వుకొని, బుగ్గచుక్కతోనే మోవాకు బయలుదేరెను.

ఇట్లు పదకొండు గంటల యేబదిరెండు నిమిషములకు, సకలలోకములును వీక్షించుచుండగా, మినపగింజంత దీపమొకటి ఆరెను. ఈ గాథ విన్నవారి బండ్లలో ఏ దీపమును అకాలమున వెలుగకుండు గాక! వెలిగినచో, ముందుగా అద్దము తుడిచి చూతురు గాక!