ఉజోమా వాళ్ళన్నయ్య

ఆ శనివారం తెల్లవారుజామునే లేచి, ఉజోమా ముందురోజు రాసుకున్న జాబితా ఇంకోసారి చదువుకున్నాడు. తలుపు తాళం ఒక్కసారే చూసుకోవాలి. గ్యాసు ఒక్కసారే చూసుకోవాలి. భయమేస్తే నాలుగంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోవాలి. బస్సెక్కాక దిగకూడదు. ఆ చివరి మాట కింద ఆసుపత్రిలో డాక్టరమ్మ తన చేత్తోనే రెండు గీతలు గీసింది. ఉజోమా తాళం మూడుసార్లు, గ్యాసు నాలుగుసార్లు చూసుకుని, బాగానే తగ్గించానని సంతోషపడుతూ బయల్దేరాడు.

ఉజోమా బెనిన్ నగరంలో లెక్కల మాస్టారు. అరవైమంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టగలడు గానీ తన మనసుని మాత్రం ఒకచోట కూర్చోబెట్టలేడు. అది నిమిషానికి పదిచోట్లకి పరిగెత్తి, వెళ్ళిన ప్రతిచోటా ఒక ప్రమాదాన్ని చూసి వస్తుంది. దీనికి ఒక పేరుందనీ, ఇది పిరికితనం కాదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ సంగతి సొంతూళ్ళో వాళ్ళకి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. తండ్రి సంవత్సరీకానికని బస్సెక్కి, అది కదలకముందే దిగిపోయాడు. బాబాయి మనవడికి పేరు పెట్టే రోజున నైజర్ వంతెన దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు.

ఈసారి అలా కుదరదు. చెల్లెలు ఎబెరె పెళ్ళి మధ్యాహ్నం రెండింటికి. పెళ్ళికూతురికి తండ్రి కల్లుముంత అందించాలి. ఆమె దాన్ని పట్టుకుని జనంలో పెళ్ళికొడుకుని వెతికి తాగించాలి. అప్పుడే పెళ్ళయినట్టు. తండ్రి లేకపోతే ఆ ముంత ఇవ్వాల్సింది పెద్దకొడుకు.

“అన్నయ్యా, బాబాయి చేత్తో ఇస్తే నేను తీసుకోను,” అని ఎబెరె ఫోన్లోనే చెప్పేసింది. “నాన్న లేడు, నువ్వున్నావు. నువ్వు రాకపోతే ఉత్త చేతుల్తో అలాగే నిలబడతా. జనమంతా చూస్తారు. చూడనీ.”

ఐదింటికల్లా ఉజోమా బస్సుల అడ్డాలో ఉన్నాడు. బస్సు నిండితే గానీ కదలదు. అది నిండేసరికి ఎనిమిదిన్నరయింది. అప్పుడు ఇతోహాన్ అనే గుమాస్తా ప్రయాణికుల పట్టీ చేతికిచ్చింది. పేరు రాశాడు. ఫోన్ నంబరు రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆగిపోయింది. ‘ఏదైనా జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి?’ అని ఉంది.

“ఏదైనా అంటే ఏమిటండీ?”

“ఏదైనా అంటే ఏదైనానే సార్. రాయండి, వెనకాల జనం ఉన్నారు.”

అమ్మ పేరు రాద్దామంటే ఆవిడకి రక్తపోటు. ఎబెరె పెళ్ళికూతురు. ఒబియోరా బాబాయికి ఫోన్ చేస్తే ఊరంతటికీ చేసినట్టే. చివరికి ఎవరికీ గుండె ఆగని ఉపాయం ఒకటి తోచింది. మతిమరుపుకి మందుగా, అలారం మోగడానికని కొనుక్కున్న చిన్న ఫోను ఒకటి జేబులో ఉంది. దాని నంబరు ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. ఆ నంబరే రాసి, పక్కన ‘ఇకెంబా, అన్నయ్య’ అని రాశాడు. ఉజోమాకి అన్నయ్య లేడు. కాగితం ఇచ్చేస్తుంటే దాని అడుగున ‘తప్పుడు వివరాలు రాసినవారు శిక్షార్హులు’ అన్న అక్షరాలు కనబడ్డాయి. అప్పటికే ఇతోహాన్ దాన్ని లాగేసుకుంది.

బస్సు కదిలేముందు ఒక బోధకుడు ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. “ఈ దారిలో నెత్తురు చూడం! బ్రేకు తెగదు! టైరు పేలదు!” అని అరిచాడు. ఉజోమా అప్పటిదాకా బ్రేకు గురించే ఆలోచిస్తున్నాడు. టైరు సంగతి గుర్తు చేసినందుకు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. ఒళ్ళో రెండు అనాసపళ్ళు పెట్టుకున్న పక్క సీటావిడ అతని వైపు జాలిగా చూసింది.

“ఏం నాయనా, కడుపులో నొప్పా?”

“లేదమ్మా. ఊపిరి లెక్కపెడుతున్నా.”

ఆవిడ అనాసపళ్ళతో సహా కిటికీ వైపు జరిగింది.

ఇస్సెలె-ఉకు దగ్గర డీజిలు కోసం పది నిమిషాలు ఆపారు. ఒంటికి వెళ్ళడానికి దిగితే అది దిగినట్టు కాదని తనకి తనే నచ్చజెప్పుకుని ఉజోమా దిగాడు. తిరిగి వస్తుంటే రేకుల పంచన ఇద్దరు ముసలాళ్ళు సీసా మూతలే పావులుగా గళ్ళ పలక మీద ఆట ఆడుతున్నారు. ఓడిపోతున్నాయనకి నాలుగు ఎత్తుల్లో గెలుపుంది. ఆయనకది కనబడటం లేదు. ఉజోమాకి మాత్రం అదొక్కటే కనబడుతోంది.

“తాతా, అది కాదు. ఎడమ పక్కది జరపండి. ఇప్పుడు ఆయన ఆ పావుని తినక తప్పదు. ఆఁ! ఇక మీరు ఆయనవి మూడూ ఊడ్చెయ్యండి!”

ముసలాయన ఊడ్చేశాడు. ఉజోమా చప్పట్లు కొట్టి తలెత్తేసరికి బస్సు లేదు. సంచి, పెద్ద ఫోను, పెళ్ళిబట్టలు, అన్నీ దాంట్లోనే వెళ్ళిపోయాయి. నాలుగంకెలు లెక్కపెట్టబోతే మూడు తర్వాత ఏమొస్తుందో లెక్కల మాస్టారికి గుర్తురాలేదు. ఎబెరె ఉత్త చేతుల్తో నిలబడి ఉండటం మాత్రం కళ్ళకి కట్టినట్టు కనబడింది. అలా ఎంతసేపు నిలబడ్డాడో తెలీదు. జేబులో చిన్న ఫోను మోగింది.

“ఇకెంబా గారేనా? ఉజోమా గారి అన్నయ్య?” ఇతోహాన్ గొంతు.

కాదంటే కాగితం మీద రాసింది అబద్ధమని తేలిపోతుంది. ఉజోమా గొంతు బొంగురు చేసి “ఆఁ” అన్నాడు.

“సార్, ముందు మీరు కూర్చోండి.”

కూర్చున్నాడు.

“మీ తమ్ముడు దారిలో దిగి మళ్ళీ ఎక్కలేదంట. పక్కసీటావిడ అసాబా దాకా వెళ్ళాక చూసుకుని గోల పెట్టింది. బస్సు వంతెన ముందు ఇరుక్కుపోయింది. వెనక్కి తిరగడానికి లేదు.”

“అయ్యో! వాడొక్కడే ఉన్నాడా?” అన్నాడు ఉజోమా. గుండె నిజంగానే దడదడలాడింది.

“తెలీదు సార్. పొద్దున్నించీ చెమటలు కక్కుతూ అంకెలు గొణుక్కుంటున్నాడంట. మనిషికి తేడా ఏమైనా…”

“తేడా లేదు. జాగ్రత్త ఎక్కువ,” అన్నాడు ఉజోమా కటువుగా. “మా వాణ్ణి నేను చూసుకుంటా. మీరెవరూ కంగారు పడకండి.”

ఆ ఆఖరి మాట అతను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. తన నోటితో అనడం ఇదే మొదలు. అన్నాక కాస్త స్థిమితపడ్డాడు.

ఆట గెలిచిన న్వాబూజో తాత అంతా విన్నాడు. “నా పరువు నిలబెట్టావు. బండెక్కు, వంతెన దాటించి మీ ఊళ్ళో దింపుతా. ఆ తప్పిపోయినవాణ్ణి దారిలో వెతుక్కోవచ్చు,” అన్నాడు. ఆయన మోటారుసైకిలుకి అద్దాలు లేవు. జాబితాలో మోటారుసైకిలు మాటే లేదు. ఉజోమా కళ్ళు మూసుకుని ఎక్కాడు.

లారీల మధ్యనుంచి దూరుతుండగా ఫోను మళ్ళీ మోగింది.

“నాయనా ఇకెంబా! నేనురా, మీ నాన్న తమ్ముణ్ణి, ఒబియోరాని!”

“బాబాయ్, నేను…”

“తెలుసు, తెలుసు! ఆ గొంతే చెబుతోంది, అచ్చం మా అన్న గొంతు! ఎవరో అనాసపళ్ళావిడ ఉజోమా ఫోన్లోంచి ఎబెరెకి చేసి వాడు తప్పిపోయాడంది. ఆ కబురు మా వీధి చివరికి వెళ్ళేసరికి వాణ్ణెవరో ఎత్తుకుపోయారు. వంటింట్లోకి వెళ్ళేసరికి నదిలో పడ్డాడు. బస్సు ఆఫీసుకి చేస్తే, వాళ్ళన్నయ్య ఇకెంబాకి చెప్పేశామన్నారు. నా తొలిచూలు ఉజోమా, వీడెవడని మా వదిన లేచింది చూడూ! మా అన్న ఫోటోని గోడకేసి తిప్పేసి, రెండు గంటల్నించీ దాని వీపుని తిడుతోంది.”

“బాబాయ్, నాన్న తప్పేం…”

“మగాడన్నాక జరుగుతుంటాయి. నువ్వు వచ్చెయ్. ఉజోమా కంటే పెద్దవాడివి, ముంత ఇచ్చే హక్కు నీది.”

“మరి ఉజోమా?”

“వాడా? ఏ గోడపక్కనో వణుకుతూ కూర్చుని ఉంటాడు. వాణ్ణి నమ్ముకుంటే పిల్ల నిలబడ్డచోటే ముసల్దవుతుంది.”

ఉజోమాకి ఒళ్ళు మండింది. తననంటే పడేవాడే. తమ్ముణ్ణంటే పడలేకపోయాడు.

“వాడు వణకట్లేదు,” అన్నాడు. “బండి మీదున్నాడు. వస్తున్నాడు. ముంత వాడే ఇస్తాడు.”

“నీకెలా తెలుసు?”

“వాడి అన్నయ్యని, నాకు తెలీదా?” అని పెట్టేశాడు.

చూస్తే వంతెన మొదట్లో తన బస్సు నిలబడి ఉంది. ప్రయాణికులంతా చేతులు పట్టుకుని ఉజోమా ఆత్మ కోసం ప్రార్థిస్తున్నారు. బండి ఆపించి కిటికీ కొట్టాడు. అనాసపళ్ళావిడ కెవ్వున అరిచి, సంచిని అతని మొహాన విసిరికొట్టింది. దాన్ని చంకన పెట్టుకుని, ఎవరికీ కృతజ్ఞతలు చెప్పే వీలు లేక, ముందుకి సాగాడు. నది ఎప్పుడు వెనక్కి వెళ్ళిపోయిందో చూసుకోనే లేదు.

మూడింటికి ఇంటి ముందు దిగాడు. కొత్త కొడుక్కి మర్యాదగా అందించడానికి బాబాయి కోలాకాయల పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాడు. లోపల అమ్మకి ఇద్దరు విసురుతున్నారు. ఇంట్లో పెద్దకొడుకునే దాచిపెట్టినవాళ్ళు ఇంకేం దాచారోనని పెళ్ళికొడుకు తండ్రి కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఎబెరె మెడనిండా పగడాలతో పందిరి మధ్య నిలబడి ఉంది. చేతులు ఉత్తవే.

“నువ్వొచ్చావా!” అన్నాడు బాబాయి, ఉజోమా భుజం మీంచి వెనక్కి చూస్తూ. “మీ అన్నేడీ?”

“బాబాయ్, ఆ నంబరుకి ఇంకోసారి చెయ్యి.”

బాబాయి చేశాడు. ఉజోమా చేతిలో చిన్న ఫోను మోగింది. ఉజోమా ఆ కాగితం సంగతి మొదట్నించీ చెప్పాడు. చెబుతుంటే పెళ్ళికొడుకు తండ్రి మొదట నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. బాబాయి ఒక్కడే, ఉన్న పెద్దకొడుకు పోయినవాడిలా, పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు.

ఎబెరె వచ్చి అన్నయ్య భుజం మీద రెండు దెబ్బలు వేసి ఏడ్చేసింది. “ఎవరైతే నాకేంటి? ముంత ఇవ్వు,” అంది.

బాబాయి కల్లు వంపబోతే చేతులు వణికి సగం నేల పాలైంది. ఉజోమా కుండ తీసుకుని ముంతని అంచుదాకా నింపాడు. చుక్క ఒలకలేదు. ఎబెరె మోకరించి అందుకుంది.

“దార్లో భయమేసిందా అన్నయ్యా?” అంది మెల్లగా.

“వేసింది. ఇప్పుడూ వేస్తోంది. వెళ్ళు, ఆ అబ్బాయి చూస్తున్నాడు.”

ఆమె జనంలోకి నడిచింది. ఆ ముంత పెళ్ళికొడుకు పెదాలకి తాకేదాకా ఉజోమా చూస్తూనే ఉన్నాడు. వాళ్ళ నాన్న ఉంటే బాగుండుననిపించి కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం జనం పలచబడ్డాక అమ్మ లోపలికి వెళ్ళి, ఫోటోని ఇటు తిప్పి, కొంగుతో అద్దం తుడిచింది.

“పాపం, బావగారిని అనరాని మాటలన్నావు. తప్పయిందని చెప్పు,” అంది పిన్ని.

అమ్మ ఆ మొహంలోకి చాలాసేపు చూసి, “ఈసారికి నువ్వు ఏ తప్పూ చెయ్యలేదులే,” అంది.