బజ్జీల నూనె బస్సు

ఒక పెద్ద అడవిలో నడవలేనివాళ్ళ కోసం ఒక బస్సు తిరిగేది. కొండదారిలో చెడిపోయిందని మనుషులెవరో వదిలేసి పోతే, వరాహాలు అనే అడవిపంది దాన్ని బాగుచేసి నడుపుతున్నాడు. నడవగలిగినవాళ్ళు ఎక్కకూడదని నియమం. అంచేత లేళ్ళూ కుందేళ్ళూ దాన్ని దూరం నుంచి చూసి నిట్టూర్చేవి, అంతే.

డీజిలు కొండ అవతలి టౌను నుంచి కోతులు తెచ్చేవి. ఎలా తెచ్చేవో ఎవరూ అడిగేవారు కాదు. ఒక ఏడు టౌనువాళ్ళు కోతులకి బోనులు పెట్టడంతో డీజిలు రావడం మానేసింది. మిగిలిందల్లా వరాహాలు సీటు కింద దాచుకున్న డబ్బా ఒక్కటే.

బస్సు ఆగితే అందరికంటే కష్టం కూర్మమ్మకి. ఆవిడ తాబేలు. కాపురం కొండమీద మడుగులో. గుడ్లు మాత్రం కింద ఏటిగట్టు ఇసుకదిబ్బలోనే పెట్టాలి. వానలు మొదలైతే మధ్యలో ఉన్న వాగు పొంగి దారి మూసేస్తుంది. పోయినేడు బస్సు చెడిపోయి ఉంటే ఆవిడ నడిచే బయలుదేరింది. సగం దారిలోనే వాన పట్టుకుంది. ఆ ఏడు ఆవిడకి పిల్లల్లేరు.

ఒకరోజు కూర్మమ్మ భల్లమ్మ కొట్టు దగ్గర కూర్చుని ఉంది. భల్లమ్మ ఎలుగుబంటి. ఇప్పగింజల నూనెలో అరటికాయ బజ్జీలు వేస్తుంది. వాడేసిన నూనె తెచ్చి పుట్ట పక్కన పారబోస్తుంటే చీమలు గుంపుగా తగువుకొచ్చాయి.

“మా గుమ్మంలో జారిపడని చీమ లేదు భల్లమ్మా. నిన్న మా అత్తగారు పడింది. అది సరే, రోజూ అందరూ పడితే ఎలా?”

అక్కడే నిలబడ్డ వరాహాలుని చూసి కూర్మమ్మ అంది, “ఒరే, ఆ నూనెతో నీ బండి తిరగదేంట్రా?”

“అది బండి అత్తా, బొజ్జ కాదు.”

అన్నాడే గానీ, మాట మనసులో నాటుకుంది. మొదటిసారి పోస్తే బస్సు నల్లటి పొగ కక్కి పడుకుంది. రెండోసారి బజ్జీ ముక్క గొట్టంలో అడ్డుపడింది. గుడ్డలో వడగట్టి, మడ్డి కిందికి దిగాక పైతేట పోస్తే మూడోసారి తిరిగింది. కానీ ఇప్పనూనె చల్లబడితే నెయ్యిలా పేరుకుపోతుంది. కాబట్టి ముందు కాస్త డీజిలుతో ఇంజను వేడెక్కించాలి, తరవాత నూనె మీదికి మార్చాలి, ఆపేముందు మళ్ళీ డీజిలు మీదికి రావాలి. ఇలా చేస్తే దాచుకున్న డబ్బా ఏడాదంతా వస్తుంది.

బస్సు పోయిన దారంతా బజ్జీల వాసన. జబ్బుచేసినవాళ్ళు కూడా ఆకలితో దిగేవారు.

వాసన అడవి సభ దాకా వెళ్ళింది. సభకి అధ్యక్షులు గజపతి గారు, ఏనుగు. మంచివారే. ఆయన తొండమెత్తి మాట్లాడుతుంటే అడవిలో చప్పుడు ఉండకూడదు, కీచురాళ్ళు కూడా ఆపాలి. అది తాతల నాటి ఆచారం. కార్యదర్శి బకయ్య గారు, కొంగ. ఎప్పుడూ ఒంటికాలి మీద ఉంటారు. రెండో కాలు దింపారంటే ఆలోచన వచ్చిందని అర్థం.

“వారానికి ఎంత నూనె మిగులుతుంది భల్లమ్మా?” అన్నారు గజపతి గారు.

“ఒక కుండ, బాబూ.”

“బస్సుకెంత కావాలి?”

“ఒక కుండే,” అన్నాడు వరాహాలు.

“అయితే సరిపోయిందిగా,” అంది కూర్మమ్మ.

సభ ఆవిడకేసి జాలిగా చూసింది. ఉన్నది సరిపోతే ఇక పథకం ఎక్కడ పెట్టాలో ఆవిడ ఆలోచించలేదు, పాపం.

బకయ్య గారు రెండో కాలు దింపారు. “ఉత్పత్తి పెంచాలండి. పాతనూనె మిగలాలంటే కొత్తనూనెలో వేయించాలి. వేయించినవి తినాలి. ప్రతి ప్రాణీ రోజూ ఒక విస్తరి బజ్జీలు తినాలని తీర్మానిద్దాం.”

“నాదో మాట బాబూ,” అంది భల్లమ్మ. “ఆ కొత్తనూనే తిన్నగా బస్సులో పోసేస్తే పోదా? మధ్యలో నా నడుం విరగడం ఎందుకు?”

“అది కొత్తనూనె. మనది పాతనూనె పథకం,” అన్నారు బకయ్య గారు.

“పోనీ పేరు మార్చండి.”

“బోర్డు రాయించేశాం.”

ఇంక దానికి తిరుగులేదు. జాగ్రత్త కోసం వరాహాలు చెప్పిన పద్ధతి కూడా సభవారు ఒక రాతి మీద చెక్కించారు: ‘నూనె మీద ఉండగా ఇంజను ఆపరాదు.’ అడవిలో అందరికీ నోటికొచ్చింది.

బజ్జీలు మొదలయ్యాయి. లేళ్ళు కళ్ళు మూసుకుని మింగాయి. కుందేళ్ళు పిల్లలకి పెట్టేశాయి, పిల్లలు పక్కింటి పిల్లలకి పెట్టేశాయి. పులి ఒక బజ్జీ కొరికి, “లోపల అరటికాయ తప్ప ఇంకేం లేదా?” అని అడిగాడు.

తిన్నవాళ్ళకి కడుపులు ఉబ్బాయి. నడవలేకపోయారు. నడవలేనివాళ్ళు గనక అందరూ బస్సుకి అర్హులయ్యారు. పక్క కొండమీద ఉన్న గుడ్లగూబ వైద్యుడి దగ్గరికి బస్సు పొద్దస్తమానం తిరిగింది. అంత తిరుగుడికి నూనె చాలలేదు. నూనె చాలలేదని బజ్జీలు పెంచారు.

కూర్మమ్మ రోజూ వచ్చి బస్సు పక్కన కూర్చునేది.

“ఎప్పుడు దింపుతావురా నన్ను?”

“నీ ముందు దుప్పి గారున్నారు అత్తా.”

“దుప్పికేమైంది?”

“రెండు విస్తళ్ళు తిన్నాడు. తమ్ముడి వంతు కూడా.”

“నేను బజ్జీ తినకుండానే నడవలేనిదాన్ని. అది నా తప్పయిపోయింది.”

చివరికి ఆవిడ గజపతి గారి దగ్గరికే వెళ్ళింది. వెళ్ళేసరికి పూట గడిచింది.

“నాయనా గజపతీ, చిన్నప్పుడు మడుగులో దిగి నా వీపు మీద కాలేసి నిలబడేవాడివి. నా డిప్ప మీద ఆ చొట్ట ఇంకా ఉంది. ఎన్నడూ ఏదీ అడగలేదు. మబ్బులు పడమటి కొండ దాకా వచ్చేశాయి. నా కడుపులో గుడ్లున్నాయి.”

గజపతి గారి కళ్ళు చెమర్చాయి. “రేపే పంపిస్తాను పిన్నీ. ఊరికే పంపుతానా, ప్రారంభోత్సవం చేసి మరీ పంపిస్తాను.”

“ఊరికే పంపు నాయనా, చాలు.”

మర్నాడు బస్సుకి మామిడాకులు కట్టారు. గజపతి గారి మెడలోనూ వరాహాలు మెడలోనూ ఇప్పపూల దండలు పడ్డాయి. ‘ఈ బస్సుకి డీజిలు అక్కర్లేదు’ అని దాని పక్కభాగాన రాయించారు. అలా రాసిన బస్సులో డీజిలు డబ్బా ఉండడం బాగోదని, బండి స్టార్టయి వేడెక్కగానే బకయ్య గారు డబ్బాని బస్సు నిలిపే షెడ్డు వెనక చెట్టు చాటున పెట్టించేశారు.

బస్సు కొండ కొసకి చేరేసరికి అడవంతా పడుతూ లేస్తూ వచ్చి అక్కడ గుమిగూడి ఉంది. కింద పల్లం, ఎండిన వాగు, వాగు దాటితే ఇసుకదిబ్బ. కూర్మమ్మకి కిటికీలోంచి దిబ్బ కనబడుతోంది.

గజపతి గారు తొండమెత్తారు. కీచురాళ్ళు ఆగిపోయాయి. ఇంజను ఆగలేదు.

“ఆపు,” అన్నారు బకయ్య గారు.

“నూనె మీద ఉందండి. ఆపకూడదని మీరే చెక్కించారు,” అన్నాడు వరాహాలు.

“నిజమే బకయ్యా,” అన్నారు గజపతి గారు. “మనమే చెక్కించాం.”

“అది మొన్న చెక్కించిందండి. చప్పుడు చేయకూడదన్నది తాతల నాటిది. రెండింట్లో ఏది సీనియరు?”

వరాహాలు ఇంకో మాట అనేవాడే. కానీ మెడలో దండ వేయించుకున్నాక ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. ఇంజను ఆపేశాడు.

గజపతి గారు బజ్జీలు తిన్న ప్రతి కులానికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పారు. మబ్బు కొండమీదికి వచ్చి కూర్చుంది. చలిగాలి తగిలి కోతులు ఒకదాన్నొకటి హత్తుకున్నాయి. ధన్యవాదాలు ఇంకా ఉడతల దాకా రాలేదు.

మొత్తానికి ప్రసంగం ముగిసింది. వరాహాలు తాళం తిప్పాడు. బస్సు ఒకసారి దగ్గి ఊరుకుంది. కింద దూరి చూసి వచ్చాడు.

“గొట్టం నిండా పేరుకుపోయిందండి, నెయ్యి ముద్దలా.”

“డీజిలు పోసెయ్యి,” అన్నారు గజపతి గారు.

“చెట్టు చాటున ఉందండి. షెడ్డు దగ్గర.”

అందరూ బకయ్య గారికేసి చూశారు. బకయ్య గారు బస్సు మీది రాతకేసి చూశారు.

అప్పుడు టప్పున ఒక చినుకు కిటికీలోంచి కూర్మమ్మ డిప్ప మీద పడింది. ఆవిడ కిటికీలోంచి మెడ చాపింది.

“గజపతీ, ఇంతసేపూ తొండమెత్తావు. ఇప్పుడు నుదురు ఆనించు.”

“అధ్యక్షులవారు బస్సు తొయ్యడం ఇంతకుముందు ఎన్నడూ జరగలేదండి,” అన్నారు బకయ్య గారు.

గజపతి గారు మబ్బుని చూశారు, పిన్ని డిప్ప మీది చొట్టని చూశారు. తన దండ తీసి బకయ్య మెడలో వేసి, బస్సు వెనక్కి వెళ్ళి నుదురు ఆనించారు. భల్లమ్మ కొంగు దోపుకుని భుజం పెట్టింది. ఉబ్బిన పొట్టలతోనే దుప్పులూ లేళ్ళూ చేరాయి. పులి కూడా వచ్చాడు. అతని పక్కన ఉన్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా తోశారు.

బస్సు కదిలింది. పల్లంలో వేగం అందుకుంది. వరాహాలు స్టీరింగు పట్టుకుని దేవుళ్ళందరినీ తలుచుకున్నాడు. ఎండిన వాగులో గెంతి, అవతలి గట్టెక్కి, ఇసుకదిబ్బలో దిగబడి ఆగింది.

“దిగు అత్తా.”

“తొందరపెట్టకురా, దిగుతున్నాను,” అంది కూర్మమ్మ. ఆవిడ దిగడానికి పట్టినంతసేపు బస్సు రావడానికి పట్టలేదు.

గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, కాలితో సర్దేసరికి కుండపోతగా వాన మొదలైంది. వరాహాలు వాగు దాటి ఇవతలికి వచ్చిన కాసేపటికే వాగు పొంగింది.

బస్సు అటుగట్టున, నూనె కుండలు ఇటుగట్టున ఉండిపోయాయి. బస్సు లేనప్పుడు నూనె ఎందుకని బజ్జీలు ఆగాయి. బజ్జీలు ఆగేసరికి కడుపులు తగ్గాయి. అందరూ నడవసాగారు. వానాకాలం ముగిశాక బకయ్య గారు సభలో నివేదించారు: “పథకం జయప్రదం. ప్రారంభించిన నాటి నుంచి బస్సుకి చుక్క డీజిలు ఖర్చు కాలేదు.”

వాగు తీశాక వరాహాలు డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి బస్సు నీడలో తాబేలు పిల్లలు ఇసుక దులుపుకుంటున్నాయి. కూర్మమ్మ వాటిని ఒక్కొక్కటిగా ఏటి దారి పట్టిస్తోంది. వరాహాలు గొట్టం శుభ్రం చేసి, డీజిలు పోసి బండి లేపాడు. ఆ వారం నుంచి బస్సు మళ్ళీ భల్లమ్మ ఇచ్చే ఒక్క కుండతోనే తిరిగింది.

ఒకసారి సభలో, ఆ కుండ సంగతి మాటల్లోకి వచ్చి, బకయ్య గారు రెండో కాలు దింపబోయారు.

“ఆ కాలు పైనే ఉంచు బకయ్యా,” అన్నారు గజపతి గారు.

నీతి: మిగిలిన నూనెతో బండి నడిపితే తెలివి అంటారు, మిగలడం కోసమే వేయిస్తే పరిపాలన అంటారు.