కిష్టప్ప నాకా మీద విచారణ

సుంకం నాకాను ఎత్తివేయడానికి సర్కారుకు ఒక్క ఉత్తర్వు చాలు. ఆ సంగతి కిష్టప్పకు గుర్తుండేలా చేయడానికి మాత్రం ఏ సర్కారు దగ్గరా శాఖ లేదు.

నైజాం జమానాలో కిష్టప్ప పటాన్‌చెరు దగ్గర నాకా జవాను. నాకా పోయి ఇరవై ఏళ్లయింది. బొంబాయి రోడ్డు మీద ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో ఆయనకు మతిమరుపు ముదిరి, మళ్లీ డ్యూటీలో చేరాడు. పొద్దున్నే కట్టె అడ్డం పెట్టి లారీలు ఆపేవాడు. నాకా ఎక్కడుంది తాతా అన్నవాడి వీపు మీద ఆ కట్టె పడేది. లారీల వరుస జహీరాబాదు దాకా పోయింది. (నేను చూడలేదు. చివర ఎక్కడుందో చూసొస్తానని పోయినవాడు ఇంకా రాలేదు.)

కిటుకు కనిపెట్టింది కోడలు మొగులమ్మ. "సలాం కొట్టి, సూడుండ్రి సాబ్ అనుండ్రి. ఇడిసిపెడ్తడు" అని డ్రైవర్లకు చెప్పింది. వాళ్లు సలాం కొట్టారు. ఆయన టార్పాలిన్ తట్టి పొమ్మన్నాడు. వరుస కరిగింది.

అప్పటికే సర్కారుకు చేరిన ఫిర్యాదు మాత్రం కరగలేదు. ముసలాయనను పట్నం పిచ్చాసుపత్రికి తరలించడానికి రహదారి నిరాటంక అధికారి జీపులో వచ్చారు. కట్టె అడ్డం పడింది.

"ఆడ గొలుసులేస్తరట సారూ. జెర సలాం కొట్టుండ్రి, గంతే" అంది మొగులమ్మ.

లేని నాకాకు సలాం కొట్టడం సర్కారీ సలామును దుర్వినియోగం చేయడమేనని అధికారి వివరించారు. సలాముకు బదులు నాకా రద్దు ఉత్తర్వు చదివి వినిపించారు. కిష్టప్ప శ్రద్ధగా విని, బండిలో ఏముందని అడిగాడు. రెండోసారి గట్టిగా చదివారు. జీపు దీపం పగిలింది. (ప్రమాదకరమైన ప్రవర్తన అని అక్కడికక్కడే నమోదైంది.)

"నాకా లేదంటే కొడ్తడు సారూ. నాకా లేకుంటే మా మామ ఎవరు మరి?" అంది మొగులమ్మ.

దీనికి నిబంధన దొరకలేదు. బంట్రోతులు పట్టుకోబోతే కిష్టప్ప బంపరును కావలించుకున్నాడు. వెనక లారీలు హారన్లు మోగించాయి. జీపులో టిఫిన్ క్యారియరు చల్లారుతోంది. అధికారి బంట్రోతులను అటు తిరగమని ఆజ్ఞాపించి, సలాం కొట్టారు.

"చూడండి సాబ్."

కిష్టప్ప బంపరు వదిలి లేచాడు. క్యారియరు మూత తీసి వాసన చూశాడు. జీపును తట్టి పొమ్మన్నాడు.

వారం తిరక్కుండా అధికారి నివేదిక వచ్చింది: తాము స్వయంగా చేపట్టిన చికిత్స ఫలితంగా సదరు ముసలాయన ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది, ఆసుపత్రి అవసరం లేదు.