గంజి పట్టించిన పడవ

లక్ష్మీనర్సమ్మ పోయిన రోజు దేవరకొండలో వాళ్ల వాడకట్టు మగ్గాలన్నీ ఆగాయి. తన అస్థికలను పుట్టిన ఊరి మీద కలపమని ఆమె భర్తకు ముందే చెప్పి ఉంచింది. ఆ ఊరు సాగర్ నీళ్ల కిందికి పోయి చాలా ఏళ్లయింది. భర్త రామచంద్రయ్య అప్పటికే ఒకసారి జాలరి ఏసోబు మోటారు పడవలో బయలుదేరాడు. సగం దూరం పోకముందే గాలి లేచి వెనక్కి నెట్టింది. గాలి కన్నా ముందు చేరాలంటే పడవ వేగం పెరగాలి.

అందుకే రెండోసారి బయలుదేరిన రోజు తెల్లవారగానే ఇద్దరూ ఒడ్డున పడవను బోర్లించారు.

"మోటర్ మంచిదే అన్నా. కొత్త ప్లగ్గు ఏసిన. పడవనే మొద్దుది," అన్నాడు ఏసోబు. "ఇద్దరం ఎనుక కూసుంటే ముక్కు లేస్తాంది. నువ్వు ముందట కూసో."

"కూసుంట గని, గీ అడుగు చూసినవా? ఎంత గరుకుందో." రామచంద్రయ్య అరచేత్తో పడవను నిమిరాడు. బతుకంతా పడుగు దారాలకు గంజి పట్టించిన చెయ్యి అది. "పోగుకు గంజి పెడితే జారుతది. పడవకైనా గంతే."

"నీళ్లల్ల కరగదా?"

"నూనె కలిపి చిక్కగ కాచిన. మాపటిదాంక ఉంటది."

భార్య పోయిన మనిషికి అడ్డు చెప్పడం ఏసోబుకు చేతకాదు. పడుగు కుంచెతో ఇద్దరూ అడుగంతా గంజి రాశారు. తొలి ఎండకు అది ఆరి మెరిసింది.

పడవ నిజంగానే జారింది. ఆకాశం పైనా ఉంది, కిందా ఉంది. గుడ్డ కట్టిన చిన్న కుండను ఒడిలో పెట్టుకొని రామచంద్రయ్య ముందు కూర్చున్నాడు. కాసేపటికి అడుగున మెత్తగా టపటపమన్న చప్పుడు మొదలైంది, కలలో ఎవరో తలుపు తడుతున్నట్టు.

"చేపలన్నా," అన్నాడు ఏసోబు. "నీ గంజి తింటున్నయి."

వెనుక నీళ్లు మసులుతున్నట్టు కదులుతున్నాయి. ఎదురుగా గుండ్రటి పుట్టిలో చేపలు పడుతున్న లింగయ్య అది చూసి వల విసిరాడు. అతన్ని చూసి మిగతా పుట్టీల వాళ్లూ విసిరారు. ఒక వల మోటారు రెక్కలకు చుట్టుకుంది. మోటారు దగ్గి ఆగిపోయింది.

"నా వల చింపితివి గదనే ఏసోబూ."

"అడ్డం ఏసింది నువ్వే గదా."

లింగయ్య కోపం ఎంతోసేపు నిలవలేదు. అతని చూపు కుండ మీద పడింది. "పెద్దాయనా, గా కుండలది జర పిడికెడు పెట్టరాదు. గింత మంచి ఎర నేనెన్నడు చూడలే."

రామచంద్రయ్య కుండను పొట్టకు హత్తుకున్నాడు. "ఎర గాదు నాయినా. మా ఇంటామె."

లింగయ్య తలకు చుట్టుకున్న తువ్వాల తీశాడు. అప్పుడే గాలి లేచింది, ఈసారి ఒడ్డు వైపు నుంచి. చిక్కుపడిన వలలూ పుట్టీలూ పడవా కలిసి ఒక్క చాపలా మెల్లగా లోపలికి కొట్టుకుపోయాయి. చాలాసేపటికి ఏసోబు గుట్టల వంక చూసి ఆనవాలు పట్టి, గొంతు తగ్గించాడు.

"అన్నా, ఊరు గిదే. మన కిందనే ఉంది."

రామచంద్రయ్య నీళ్లలోకి వంగి చూశాడు. ఆకుపచ్చని లోతులో గోడలున్నట్టు, లంగా వేసుకున్న పిల్ల ఒకతి వాకిలి ఊడుస్తున్నట్టు అనిపించింది. గుడ్డ ముడి విప్పబోయాడు. పడవ చుట్టూ చేపలు నోళ్లు తెరుచుకొని మూగి ఉన్నాయి. ముడి మళ్లీ బిగించాడు.

"ఏమాయెనే?"

"ఇవి ఎర అనుకుంటయి తమ్మీ. వీళ్లు రేపు ఇవాటిని సంతల అమ్ముతరు."

"మేం ఎల్లిపోతం బాపూ," అన్నాడు లింగయ్య.

"మీరు పోతరు, చేపలు పోవు. నేను కాచిన గంజి గంత తొందరగ ఊడదు."

తెడ్లు వేసుకుంటూ సాయంత్రానికి ఒడ్డు చేరారు. మళ్లీ పోవాలంటే ముందు పడవ అడుగు గీకాలి. అస్థికలు ఇంకా కలపలేదు.