కూర్చుండిపోయిన కారు

అత్తగారికి ఆ ఉదయం కంటి ఆపరేషన్. శుక్లం ముదిరి మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపడుతున్నా, ఆసుపత్రి మాటెత్తితే ఆవిడ దాటవేస్తూ వచ్చింది. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. పోయిన భర్త కారులో అయితేనే వస్తుంది.

ఆ కారుకు స్ప్రింగులు లేవు. గొట్టాల్లోని నూనె ఒత్తిడే దాన్ని ఎత్తుగా నిలబెడుతుంది. ఒక గొట్టం చిట్లి, నూనె కారిపోయి, కారు పొట్ట నేలకానించి కూర్చుంది. అల్లుడు కాలేజీలో ద్రవాల పీడనం మీద పాఠాలు చెప్పే మనిషి. మెకానిక్‌ను పిలుద్దామన్న భార్య మాట ఆయన చెవికెక్కలేదు.

తెల్లవారగానే కారును జాకీతో లేపి, కింద చెక్కమొద్దులు పెట్టి, గొట్టం మార్చి, నూనె నింపాడు. భార్య తాళం తిప్పింది. కారు మొదట వెనక భాగం ఎత్తింది. కాసేపు ఆలోచించి ముందు భాగమూ ఎత్తింది.

"చూశావా, మీ నాన్నగారి కారు లేచింది!" అని అల్లుడు చప్పట్లు కొట్టాడు.

గొట్టం మొదట్లో మాత్రం కాస్త తడి కనిపించింది. బిగిద్దామని కారు కింద సగం దూరి, "ఇంక ఎత్తొద్దు!" అని అరిచాడు. ఇంజన్ హోరులో భార్యకు "ఎత్తు" వరకే వినిపించింది. ఎత్తు పెంచే మీటను చివరిదాకా లాగింది. గొట్టం ఊడింది. నూనె ఆయన నెత్తిన కుమ్మరించినట్టు పడింది. కారు నిట్టూర్చి దిగబడింది. చెక్కమొద్దులు ప్రాణం కాపాడాయి గానీ చొక్కా అంచు కింద ఇరుక్కుంది.

"అయ్యో, మా ఆయన కారు కింద పడిపోయారు!"

పక్కింటాయన గోడమీంచి తొంగిచూశాడు. రెండు కాళ్లు కనిపించాయి. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేసి, దారి చూపించడానికి వీధి మొదటికి పరుగెత్తాడు. ఈలోగా అల్లుడు గుండీలు విప్పుకుని, చొక్కాను కారుకే వదిలేసి, స్నానాలగదిలో దూరాడు. సబ్బు పట్టుకుని భార్య వెంట వెళ్లింది.

అంబులెన్స్ వచ్చేసరికి వరండాలో సంచీ ఒళ్లో పెట్టుకుని అత్తగారొక్కతే ఉంది.

"పేషెంట్ ఎవరమ్మా?"

"నేనే నాయనా."

"దెబ్బ ఎక్కడ?"

"దెబ్బేమిటి? కన్ను."

"కారు వల్లేనా?"

"ఆ, దానివల్లే ఇంత ఆలస్యం."

ఆవిడను జాగ్రత్తగా పడుకోబెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు.

ఇంట్లో ఆవిడ లేదని తెలిశాక భార్యాభర్తలు వీధిలోకి వచ్చారు. అంబులెన్స్ ఎక్కించి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారని పక్కింటాయన చెప్పాడు. ఆయన ఒంటిమీద నురగతోనే ఇద్దరూ అక్కడికి పరుగెత్తారు. ఆసుపత్రిలో అత్తగారు కంట్లో చుక్కలు వేయించుకుని ప్రశాంతంగా కూర్చుని ఉంది.

"నాన్న కారు లేకుండా ఎలా వచ్చావమ్మా?" కూతురు ఏడుస్తూ అడిగింది.

"ఆ అంబులెన్స్ అబ్బాయి చెయ్యి పట్టుకుని ఎక్కించాడే. మీ నాన్న ఒక్కనాడైనా పట్టుకున్నారా? హారన్ కొట్టేవారు." గొంతును బట్టి అల్లుడి వైపు తిరిగింది. "నాకు భయమని ఇంత ఏర్పాటు చేశావా బాబూ! కన్నకొడుకు కూడా చెయ్యడు."

అల్లుడు కాదనలేదు.