అల్లుడుగారు వేసిన సీలు

“ప్రతి సంచీ, కాదని రుజువయ్యేదాకా ప్రమాదకరమే!”

అత్తగారు బ్యాగు సర్దుకుంటుంటే అల్లుడుగారు గుమ్మంలో నిలబడి ఈ మాట ప్రకటించారు. ఆయన విమానాశ్రయంలో ప్రమాదకర పదార్థాల అధికారి. ఇంట్లో అగ్గిపుల్ల గీయాలన్నా ఆయన మొహం చూసి గీయాలి.

ఆవిడ ధ్యాసంతా చెల్లెలి మీదే. వేరే ఊళ్ళో ఉన్న ఆ చెల్లెలికి గురువారం పొద్దున గుండె ఆపరేషన్. “అక్కా, లోపలికి తీసుకెళ్ళేముందు ఒక్కసారి నీ మొహం చూడాలే” అని ఫోన్లో ఏడ్చింది. బుధవారం సాయంత్రం విమానం తప్పితే మళ్ళీ శుక్రవారమే. ఎవరినైనా సాగనంపాక తలుపు వెయ్యడానికి చెయ్యి రాని మనిషి ఆవిడ.

అల్లుడుగారు చేతులకు తొడుగులు వేసుకుని బ్యాగంతా మంచం మీద కుమ్మరించారు.

“థర్మామీటరా! ఇందులో పాదరసం ఉంది అత్తయ్యా. కారిందంటే విమానం రేకును చెదపురుగులా తినేస్తుంది.”

“నాకు జ్వరం లేదులే బాబూ, తీసెయ్యండి.”

“మరి ఇవి?”

“ఉన్ని మేజోళ్ళు. ఆపరేషన్ గదిలో దాని కాళ్ళు చల్లబడతాయని అల్లాను.”

“ఉన్నికి రాపిడి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది!” ఆయన మేజోళ్ళను దీపానికెదురుగా పట్టి పరీక్షించి, దయతలచి వదిలేశారు.

వంటింట్లోంచి కూతురు అందుకుంది. “ఏమండీ, మా అమ్మనూ చూడండి. కోపమొస్తే భగ్గుమంటుంది!”

“వేళాకోళం కాదు. ఒక్క గ్యాస్ డబ్బా చాలు, విమానం మొత్తం బూడిదే!”

అన్నీ మళ్ళీ సర్ది, అడుగున తనదొక చిన్న పొట్లం దోపారు.

“అదేమిటి బాబూ?”

“అక్కడి మా పెద్దాఫీసర్‌కి. ఆయన మనిషి వచ్చి తీసుకుంటాడు. మీకెందుకు అత్తయ్యా!”

తర్వాత బ్యాగుకు శాఖవారి ఎర్ర సీలు వేశారు. “ఇక దీన్నెవరూ ముట్టుకోరు!”

నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు! విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద పొట్లంలోని డబ్బా కనిపించింది. కానీ సీలున్న సంచిని సీలు వేసిన అధికారి ఎదుటే విప్పాలి. ఆ నిబంధన రాసింది అల్లుడుగారే. ఆయనేమో భద్రతా వారోత్సవంలో ఉపన్యసిస్తున్నారు. ఉపన్యాసం మధ్యలో ఫోనెత్తకూడదన్నదీ ఆయన నిబంధనే.

“బ్యాగు మీరే ఉంచుకోండి నాయనా. నన్ను పంపించండి” అని బతిమాలింది ఆవిడ.

“కుదరదమ్మా. సంచినీ మనిషినీ విడదీయకూడదు” అన్నాడు తనిఖీ ఉద్యోగి.

అల్లుడుగారు జ్ఞాపిక పట్టుకుని వచ్చేసరికి విమానం వెళ్ళిపోయింది. సీలు విప్పారు. పొట్లంలో సిగరెట్ లైటర్లో నింపే గ్యాస్ డబ్బా! చుట్టూ సిబ్బంది.

“అత్తయ్యా, ఈ బ్యాగు ఎవరిది?”

“నాదే. కానీ ఆ పొట్లం మీరు...”

“బ్యాగు ఎవరిదో బాధ్యత వాళ్ళదే. నిబంధనకు అత్తా లేదు, అల్లుడూ లేడు!” అంటూ తప్పొప్పుకోలు కాగితం మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నారు.

సొంత అత్తగారని కూడా చూడకుండా పట్టుకున్నందుకు ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. అందజేసింది పెద్దాఫీసరే. కరచాలనం చేస్తూ చెవిలో, “మరి నా డబ్బా?” అని అడిగాడట.

ఆవిడ శుక్రవారం విమానంలో వెళ్ళింది. మేజోళ్ళు బ్యాగులోనే ఉన్నాయి.

చెల్లెల్ని గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. ఆమె తిరిగి రాలేదు.