వెనక అట్ట మీద పేరు

ఆ ఉదయం డిజైనర్ పెట్టుకున్న పని చిన్నదే. పదింటికల్లా బావమరిది పాటల సీడీ అట్ట ప్రెస్సుకి పంపెయ్యాలి. పదిహేనేళ్లుగా ఎవరెవరి పాటలకో అట్టలు వేసిన మనిషి, ఒక్కదాని మీదా ఆయన పేరు పడలేదు. ఈసారి వెనక అట్ట మీద, అడుగున, "ముఖచిత్రం" అన్న మాట పక్కన పడుతుంది. బావమరిది అక్క ఎదుటే మాటిచ్చాడు. వారం రోజులుగా డిజైనర్ ఆ ఒక్క ముక్కే పదిమందికి చెప్పుకున్నాడు.

ఎనిమిదింటికి ఫోను మోగింది.

"బావా, అట్ట మీది నా ఫొటోలో గదవ కింద ఆ మడత తీసెయ్యి."

తీశాడు. మడతతో పాటు మెడా పోయింది. మెడ అతికిస్తే బుగ్గలు ఉబ్బాయి. బుగ్గలు నొక్కితే వారం రోజులు జ్వరంతో పడి లేచినవాడిలా తయారయ్యాడు. విసుగెత్తి ముఖం మొత్తాన్ని నీడలోకి తోసేశాడు.

"అబ్బ, ఎంత గంభీరంగా ఉన్నానో," అని బావమరిది అది ఫోనులో చూసుకుని మురిసిపోయాడు.

మళ్లీ ఫోను. "బావా, కృతజ్ఞతల్లో మా పళ్ల డాక్టర్ని మర్చిపోయాం. నీ పేరు కాస్త సన్నం చెయ్యి." చేశాడు. మూడో ఫోనుకి కృతజ్ఞతల్లో డాక్టరు భార్య పేరు కూడా వచ్చి చేరింది. నాలుగోసారి బావమరిది తేల్చేశాడు. "చోటు లేదు బావా. నువ్వు ఇంట్లోవాడివేగా, నీకు పేరెందుకు?"

డిజైనర్‌కి ఒళ్లు మండిపోయింది. వెనకాల తన పేరు తీసేశాడు. ఆ మంటలోనే, ఒక్క నిమిషం చూసుకుందామని, ముందు అట్ట మీద గాయకుడిగా బావమరిది పేరుని కనపడకుండా దాచేసి, అక్కడ అంతే లావు అక్షరాల్లో తన పేరు కొట్టాడు. ఎందుకైనా మంచిదని సేవ్ చేసి, భార్యని పిలిచాడు.

ఆమె చాలాసేపు నిలబడి చూసింది. "బాగుందండీ. ఇంక తీసెయ్యండి."

తీసేసేవాడే. ఇంతలో ప్రెస్సు మేనేజరు ఫోను చేసి, ఇప్పుడివ్వకపోతే మళ్లీ వచ్చే నెలే అన్నాడు. తెర మీద "ఫైనల్", "ఇదే ఫైనల్", "ఒట్టు ఇదే ఫైనల్" అని మూడు ఫైళ్లున్నాయి. కంగారులో ఒకటి పంపేశాడు. మేనేజరు నమూనా చూపిస్తే, బావమరిది ఫోనులో గదవ వరకే పెద్దది చేసి చూసుకుని సరేనన్నాడు.

సీడీలన్నీ దుకాణాలకీ పత్రికలకీ చేరాక సంగతి బయటపడింది. బావమరిది ఇంటి మీదకొచ్చాడు. "నా పేరు మింగేశావు కదా బావా. అక్క మొహం చూసి ఊరుకుంటున్నా. రేపు అందరికీ ఫోను చేసి, ఆ పాటలు నావని నువ్వే చెప్పాలి." డిజైనర్ తలవంచుకుని ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పత్రికలో సమీక్ష వచ్చింది. భార్య పైకి చదివింది. "ఈయనకి శ్రుతి అంటే గిట్టదు. వినేవాళ్ల మీద ఏదో పాత కక్ష ఉన్నట్టు పాడారు. అట్ట మాత్రం అద్భుతం. నీడలో ఆ ముఖం చిత్రించిన వారి పేరు వెయ్యకపోవడం అన్యాయం." గాయకుడిగా డిజైనర్ పేరు అందులో ఐదుసార్లు ఉంది.

ఆయన ఫోను అందుకునేలోపు అదే మోగింది. బావమరిది గొంతు వెన్నలా ఉంది.

"బావా, ఎవరికీ ఏం చెప్పకు."

"మరి పాడిందెవరు?"

"నువ్వే. అట్ట మీద నీ పేరుందిగా."

"అట్ట వేసిందెవరు?"

"ఇందాక పత్రికవాళ్లు అడిగితే నేనేనని చెప్పేశాను. ఇంట్లోవాళ్లమేగా."

డిజైనర్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. భార్య పత్రిక మడిచి అవతల పెట్టింది, తమ్ముణ్ని మాత్రం ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు వీధిలో ఎదురైన ప్రతివాళ్లూ ఆయన్ని పేరుపెట్టి పిలుస్తున్నారు, మళ్లీ పాడొద్దని చెప్పడానికి.